హెచ్చరిక అను మాట

ఈ వారము మేము సంఘపు లెక్కలను గాని, ఎన్నికల మాటలను గాని ఎత్తక, ఒక్క మాటను గూర్చి వ్రాయదలచితిమి. ఆ మాట హెచ్చరిక. నిఘంటువు తెరచిన అర్థము తెలియును గదా, దానికి సంపాదకీయ మెందుకని పాఠకులు అనుకొనవచ్చును. మొన్నటి వరకు మేమును అట్లే అనుకొంటిమి. మా అంగడిలో జరిగిన ఒక సంగతి మా కన్నులు తెరిపించినది. అందలి తప్పు మాదే గనుక దాచక చెప్పుట మా విధి.

మూకండపల్లిలో మాకు విత్తనములు, ఎరువులు, పురుగుమందులు అమ్ము అంగడి కలదని పాఠకులలో పలువురు ఎరుగుదురు. బాగలూరు దిక్కున తోట గల ఒక అవ్వ ఏండ్ల తరబడి మాయొద్దనే సరకు కొనుచున్నది. మన కుటుంబములలోనిదే. చిన్ననాడు వీధిబడిలో నేర్చిన తెలుగక్షరములు కూడబలుకుకొని చదువగలదు. తమిళము మాటలాడును గాని చదువలేదు. టమాటా తోటకు పురుగు పట్టినదని వచ్చి మందు అడిగెను. మేము సీసా తీసి యిచ్చి, డబ్బు లెక్కించుకొని, సంచిలో పెట్టి, "ఉషారవ్వా" అని చెప్పి, వెనుక నిలిచియున్న బేరమువైపు తిరిగితిమి.

ఆ అవ్వ ఇంటికి పోయి, వంటింటి పాతగరిటెతో మందు కొలిచి, బిందెనీళ్లలో పోసి, కఱ్ఱ దొరకనందున చేతితోనే కలిపెను. తోటకు కొట్టుట కాగానే చేయి కొంగున తుడుచుకొని ఆకువక్క వేసికొనెను. సాయంకాలమునకు తల తిరిగి, వాంతులు పట్టుకొనెను. మనుమడు బండిమీద కూర్చుండబెట్టుకొని ఆసుపత్రికి తీసికొనిపోయెను. "ఏ మందు ముట్టినది? సీసా యెక్కడ?" అని వైద్యుడడుగగా, ఆ పిల్లవాడు తెలివిగలవాడు గనుక వెంట తెచ్చిన సీసా చూపి, దానిపై తమిళమున నున్న మందు పేరును, విరుగుడును చదివి వినిపించెను. మూడవనాటికి అవ్వ కోలుకొని ఇంటికి వచ్చెను. దైవము చల్లగా చూచెను.

మేము పరామర్శకు పోయితిమి. అవ్వ మంచముపై కూర్చుండి మమ్ము తిట్టలేదు. తిట్టినను బాగుండెడిది. "ఉషారంటివి గదా నాయనా, ఏటికి ఉషారుగా ఉండల్లో చెప్పకపోతివే" అని మాత్రమనెను. మరికొంత తడవునకు, "సీసామీద పసుపురంగు ఉండె. పసుపే గదా, మంచిదే అనుకొంటి" అనెను.

ఆ రెండు మాటలు మాకు నాటినుండి నిద్ర పట్టనీయలేదు. మేము హెచ్చరించితిమా? మాట అయితే పలికితిమి. అది హెచ్చరిక యగునా? ఈ ప్రశ్నకు సమాధానము వెదకుచు ఆ మాట మూలమును కొంత విచారించితిమి.

మన హోసూరు సీమలో హెచ్చరిక యను మాటకు ఒక విశేషము కలదు. మనము హెచ్చరిక అందుము. ఇరుగున నున్న కన్నడిగులు ఎచ్చరికె అందురు. పొరుగున నున్న తమిళులు ఎచ్చరిక్కై అందురు. మూడు భాషలవారును నోట పలుకునది ఒక్క మాటయే. వ్రాయు లిపులు మాత్రము మూడు. కన్నడమున ఎచ్చర యనగా మెలకువ. నిద్రనుండి లేచుటను ఎచ్చరవాగుట యందురు. కాబట్టి హెచ్చరించుట యనగా బెదరించుట కాదు, మేలుకొలుపుట.

మనము నిత్యము వాడు జాగ్రత్త యను మాట సంస్కృతమునుండి వచ్చినది. దాని మూలమునకును మేలుకొనియుండుట యనియే అర్థము. జాగరము, జాగృతి, జాగరూకత యనునవి దాని తోబుట్టువులు. శివరాత్రినాడు మనము చేయు జాగారమును, ప్రయాణమయ్యెడు కుమారునితో తల్లి చెప్పు జాగ్రత్తయు ఒకే చెట్టు కొమ్మలు. దేశి మాటయైనను, సంస్కృతపు మాటయైనను చెప్పునది ఒక్కటే: నిద్రపోవువానిని లేపుము.

ఇక మన నోట నానిన ఉషారు. ఇది పారసీకమునుండి హిందూస్థానీ ద్వారా వచ్చిన మాట. దాని అర్థము తెలివితో, స్పృహతో నుండుట. కోస్తా తెలుగువారు హుషారు అన్నచో ఉత్సాహమని తలంతురు. పెండ్లిలో పిల్లలు హుషారుగా ఉన్నారందురు. మనము కన్నడపు సరిహద్దున నున్నవారము గనుక, "ఉషారుగా పో" అన్నచో చూచుకొని పొమ్మని అర్థము. విజయవాడనుండి వచ్చిన చుట్టమునకు "గట్టుమీద ఉషారు" అని చెప్పినయెడల అతడు గట్టుమీద గంతులువేయవలెనని తలంచినను తలంచును! తెలంగాణమున పైలమందురు. పదిలము, భద్రము అను మాటలు అందరికిని తెలిసినవే. ఖబర్దారు అను మాట కూడ పారసీకమే. ఖబరు అనగా వార్త. వార్త తెలిసియున్నవాడు ఖబర్దారు. నేడు మనము ఆ మాటను కఱ్ఱ ఎత్తినప్పుడు మాత్రమే వాడుచున్నాము గాని, మొదట దాని భావము సంగతి తెలిసియుండుమనియే.

రాజుల కొలువులలో ప్రభువు వచ్చునపుడు ముందునడచు సేవకులు హెచ్చరిక, పరాకు అని కేకలు వేసెడివారు. ఆ మర్యాదను మన దేవాలయములు తమ ఉత్సవములలో నిలుపుకొన్నవి. త్యాగరాజస్వామి ఉత్సవసంప్రదాయ కీర్తనలలో హెచ్చరిక పేర ఒక కీర్తన యదుకులకాంభోజి రాగమున కలదు. అది శ్రీరాముని బెదరించు పాట కాదు. అడుగు తప్పక మెల్లగా రావయ్యా అని ప్రేమతో పిలుచు పాట. 1767నుండి 1847వరకు జీవించిన ఆ మహనీయుడు తమిళదేశమున తిరువయ్యారులో నివసించి, ఇంటి భాషయగు తెలుగున దేవునితో మాటలాడినవాడు. మనవంటివాడే. ఆయన నోట హెచ్చరిక యన్నది వాత్సల్యము.

ఇంతటి మాట నేడు ఏ గతి పట్టినదో చూడుడు. ఏ వార్తాపత్రిక తెరచినను ఫలానా నాయకుడు ఫలానా వారిని హెచ్చరించెనని వ్రాయుదురు. అనగా బెదరించెనని భావము. బాకీ తీర్పనివానికి పంపు కాగితముపై తుది హెచ్చరిక యని వ్రాయుదురు. అదియు బెదరింపే. హెచ్చరించువాడు హెచ్చరింపబడువాని పక్షమువాడు కావలెను. అతని మేలు కోరువాడు కావలెను. ఎదిరిపక్షమునుండి వచ్చునది బెదరింపు గాని హెచ్చరిక కాదు.

మరియొక వైపున ఆ మాట అరిగిపోయి వట్టి మర్యాదయైనది. వాకిటివరకు సాగనంపి జాగ్రత్త అందుము. ఫోను పెట్టివేయునపుడు జాగ్రత్త అందుము. పోయివత్తుమనుటకు బదులు జాగ్రత్త అందుము. తప్పని మేమనము. అందు ప్రేమ కలదు. కాని అరిగిన నాణెమువలె ఆ మాటకు ముద్ర పోయినది. చెప్పువాడు తలంపక చెప్పును, వినువాడు వినక తలయూపును. మేము ఆ అవ్వతో పలికిన ఉషారు అట్టి అరిగిన నాణెమే. ఆమె మంచి డబ్బిచ్చి సరకు కొన్నది. మేము సరకుతోపాటు చెల్లని నాణెమును చేతిలో పెట్టితిమి.

కాబట్టి మా అనుభవముచే తేలిన సంగతి ఇది. హెచ్చరికకు మూడు అంగములు ఉండవలెను. కీడు ఏదో చెప్పవలెను. దానికి ఏమి చేయవలెనో, ఏమి చేయరాదో చెప్పవలెను. వినువానికి తెలిసిన భాషలో చెప్పవలెను. మూటిలో ఏది లోపించినను అది కేక యగును గాని హెచ్చరిక కాదు.

ఈ మూడు అంగములను మా అంగడి సరకుతోనే చూపుదుము. రైతు కుటుంబములు ఈ భాగమును కత్తిరించి గోడకు అంటించుకొన్నను మాకు సంతోషమే. 1968నాటి పురుగుమందుల చట్టమును అనుసరించి 1971లో చేసిన నిబంధనల ప్రకారము, ప్రతి పురుగుమందు సీసాపైనను, పొట్లముపైనను మూలలపై నిలిపిన చతురస్రపు గుర్తు ఒకటి ఉండవలెను. దాని క్రింది సగము రంగు ఆ మందు తీవ్రతను తెలుపును. ఎరుపు రంగు మిక్కిలి ఘోరమైన విషమునకు గుర్తు. పై సగమున పుర్రెయు ఎముకలును, విషమను మాటయు ఉండును. పసుపు రంగు దాని తరువాతి తీవ్రవిషమునకు గుర్తు. అందును విషమను మాటయే ఉండును. నీలము మధ్యరకమునకు గుర్తు. అందు అపాయమను మాట ఉండును. ఆకుపచ్చ తక్కువ తీవ్రతకు గుర్తు. అందు జాగ్రత్త యను భావముగల మాట ఉండును.

ఈ వరుసను మన యాచారములతో పోల్చి చూచిన చిక్కు తెలియును. పసుపు మనకు మంగళము. గడపకు, ముఖమునకు, పెండ్లిశుభలేఖకు పసుపు రాయుదుము. కనుక పసుపు చూచి అవ్వ భయపడకపోవుటలో వింత లేదు. ఆకుపచ్చ చూచినవాడు బాటమీది దీపములు తలచుకొని, భయము లేదు పొమ్మని అర్థము చేసికొనును. నిజమునకు ఆకుపచ్చ గుర్తు గల మందు కూడ మందే గాని మజ్జిగ కాదు. రంగు తనకు తాను మాటలాడదు. ఎవరో ఒకరు దాని అర్థము విప్పి చెప్పవలెను. చేతులకు తొడుగులు, ముక్కునకు గుడ్డ, కలుపుటకు కఱ్ఱ, గాలికి ఎదురుగా కొట్టకుండుట, పని కాగానే సబ్బుతో కడుగుకొనుట, కడుగక తినకుండుట, ఖాళీ సీసాలో ఇంకేదియు పోయకుండుట, ఒంట్లో బాగులేనియెడల సీసాతో సహా వైద్యునియొద్దకు పోవుట - ఇంత చెప్పినచో అది హెచ్చరిక. చెప్పుటకు రెండు నిమిషములు చాలును. ఆ రెండు నిమిషములకు మేము పిసినారితనము చూపితిమి.

ఒక్క అవ్వకు ఒక్క అంగడిలో జరిగినదే, ఊరికి ఊరుగా, జిల్లాకు జిల్లాగా జరిగిన సందర్భములు మన తెలుగునాట కలవు. 1977 నవంబరు 19న దివిసీమపై ఉప్పెన విరుచుకొని పడినది. దాదాపు 10,000 మంది ప్రాణములు పోయినవి. తుపాను వచ్చుచున్నదను సూచన అప్పటికి లేకపోలేదు. కాని వార్త వేరు, హెచ్చరిక వేరు. గాలి వచ్చునని వినుట వార్త. నీ గుడిసె విడిచి ఈ మేడలోనికి రమ్మని ఒకడు చేయిపట్టి పిలుచుట హెచ్చరిక. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్టణమును తాకినపుడు చెట్లు, ఇండ్లు, స్తంభములు కూలి నష్టము అపారమైనది. అయినను ముందుగనే లోతట్టు గ్రామములనుండి లక్షలమందిని తరలించినందున ఆంధ్రదేశమున మృతుల సంఖ్య పదులలో నిలిచినది. నడుమ గడచిన కాలమున సముద్రము మారలేదు. మేలుకొలుపు పద్ధతి మారినది.

దీనికి ఎదురైన ఉదాహరణమును అదే విశాఖపట్టణమున చూచితిమి. 2020 మే 7వ తేదీ తెల్లవారుజామున అచ్చటి వెంకటాపురము చెంత ఒక కర్మాగారమునుండి స్టైరీను అను వాయువు వెలువడి, నిద్రలో నున్న ప్రజలను ముంచివేసినది. 12 మంది మరణించిరి. తరువాత ప్రభుత్వము నియమించిన సంఘము విచారించి, ఆపత్సమయమున మ్రోగింపవలసిన సైరను ఉండియు మ్రోగింపబడలేదని తేల్చినది. యంత్రము కలదు, మీట కలదు, మేలుకొలుపవలెనను తలంపు లేదు. హెచ్చరిక యనగా మెలకువ యని పైన వ్రాసితిమి. నిద్రలో నున్నవారిని లేపుట తప్ప ఆ రాత్రి మరియేమియు అక్కరలేదు. అది జరుగలేదు.

ఈ సంగతులు మనకు దూరపువని తలంపరాదు. మన మూకండపల్లి చుట్టును సిప్‌కాట్ కర్మాగారములు కలవు. మన పిల్లలలో అనేకులు వానిలో పనిచేసి అన్నము తినుచున్నారు. మేము కర్మాగారములకు విరోధులము కాము. వానివలననే ఈ ఊరు పెరిగినది, మా అంగడియు పెరిగినది. అయితే 1984 డిసెంబరు 2-3 రాత్రి భోపాలులో జరిగిన ఘోరము తరువాత, 1987లో కర్మాగారముల చట్టమును సవరించి, అపాయకరమైన పనులు జరుగుచోట యజమానులు ఆ అపాయములను, వానికి తగిన జాగ్రత్తలను పనివారికే గాక చుట్టుపట్ల నివసించు ప్రజలకును తెలుపవలెనని శాసించిరి. సైరను ఒకమారు కూసినచో అర్థమేమి, రెండుమార్లు కూసినచో ఏ దిక్కునకు పోవలెను అని మన వీధులలో ఎందరికి తెలియును? పాఠకులు తమ ఇంట అడిగి చూడుడు.

కర్మాగారములే గాక మనకు అడవియు, ఏరును కలవు. చలికాలమున రాగిపంట చేతికి వచ్చువేళకు బన్నేరుఘట్ట అడవినుండి ఏనుగులు తళి, జవళగిరి, సానమావు అడవులవైపు వచ్చుట మనకు కొత్త గాదు. తోటకు రాత్రికాపు పోవువానికి ఏనుగులు ఏ మేర నున్నవో వేళకు తెలిసినచో ప్రాణము దక్కును. దక్షిణ పినాకినిపై కెలవరపల్లి జలాశయము నిండి నీరు వదలునపుడు ఒడ్డున నున్నవారికి కబురు అందవలెను. 2017 నవంబరు చివర కృష్ణగిరి జలాశయపు గేటు ఒకటి విరిగి నీరు పారినపుడు, దిగువనున్న జిల్లాల వారికి హెచ్చరిక పంపవలసివచ్చిన సంగతి మనమెరిగినదే. పూర్వము ఇట్టి వేళల తప్పెట కొట్టి చాటింపు వేసెడివారు. చాటించువాడు ఊరివాడే గనుక ఏ వీధిలో ఏ భాష పలుకవలెనో వానికి తెలిసియుండెడిది. తెలుగువారి వీధిలో తెలుగున, కన్నడిగుల వీధిలో కన్నడమున, తమిళుల వీధిలో తమిళమున చాటించెడివాడు. నేడు ఆ పని బోర్డులకు, ఫోనులకు అప్పగించితిమి. బోర్డు ఏ వీధిలోనైనను ఒక్క భాషనే పలుకుచున్నది.

ఇచ్చట మన సంఘము చిరకాలముగా కోరుచున్న కోరిక ముందునకు వచ్చును. 1956 నవంబరు 1న భాషారాష్ట్రము లేర్పడినపుడు మన హోసూరు తాలూకా మదరాసు రాష్ట్రముననే నిలిచినది. అప్పుడు సేలము జిల్లా, 1965నుండి ధర్మపురి జిల్లా, 2004నుండి కృష్ణగిరి జిల్లా. జిల్లాల పేర్లు మారినవి గాని మన ఇండ్లు కదలలేదు. మనలో కొందరి పెద్దలు కొన్ని వందల యేండ్ల క్రిందట వచ్చినవారు. కొందరు ఎచ్చటనుండియు వచ్చినవారు గారు, ఈ మన్నుననే పుట్టినవారు. మనవంటివారిని తలచియే 1956లో రాజ్యాంగమునకు ఏడవ సవరణచేసి, ప్రాథమిక పాఠశాలలో మాతృభాషలో బోధనకై 350ఎ అధికరణమును, భాషాల్పసంఖ్యాకుల రక్షణ చూచు ప్రత్యేకాధికారికై 350బి అధికరణమును చేర్చిరి. ఆ సంవత్సరముననే కేంద్రప్రభుత్వము పార్లమెంటు ముందుంచిన రక్షణల పత్రమునందును, 1961లో ముఖ్యమంత్రులు చేసికొన్న ఒప్పందమునందును, ఏ ప్రాంతమున ఒక భాషవారు నూటికి 15 మందియో అంతకు మించియో యుందురో, అచ్చట ముఖ్యమైన ప్రకటనలు ఆ భాషయందును వెలువడవలెనని చెప్పబడినది.

ముఖ్యమైన ప్రకటన యనగా ఏది? ప్రాణమునకు సంబంధించిన ప్రకటనకంటె ముఖ్యమైనది మరియొకటి కలదా? పన్నుల నోటీసు తెలుగున లేకపోయిన, మనము పొరుగువానిని అడిగి చదివించుకొందుము. విద్యుత్తీగ తెగిపడినచోట, నీరు వదలుచోట, విషవాయువు నిలువయున్నచోట పొరుగువానికై వెదకుటకు వేళ యుండదు. కనుక మేము నగరపాలకులను, అటవీశాఖవారిని, కర్మాగారముల యజమానులను వినయముతో కోరునది ఇంతమాత్రమే. తమిళమునకు లోటు చేయక, దాని క్రింద, తెలుగువారున్న చోట తెలుగును, కన్నడిగులున్న చోట కన్నడమును, అపాయమును తెలుపు బోర్డులయందైనను చేర్చుడు. పై పంక్తి మూడు భాషలకును ఒక్క మాటయే గదా, అక్షరములే వేరు. పురుగుమందుల నిబంధనలు సైతము, సరకు అమ్ముడుపోవు ప్రాంతమున వాడుకలోనున్న ఒకటి రెండు ప్రాంతీయభాషలలో పెట్టెపై వ్రాయవలెనని చెప్పుచున్నవి. రెండు భాషలకు చోటు కలదు. అడుగువారు కావలెను.

తమిళనాట నుండి తమిళము నేర్చుకొనక తెలుగు బోర్డులు అడుగుటయేమి యని ఒక మిత్రుడు మమ్ము అడిగెను. న్యాయమైన ప్రశ్నయే. మేము తమిళమును కాదనలేదు, కాదనము. అవ్వ మనుమడు తమిళము చదువగలిగినందుననే వైద్యుడు వేళకు విరుగుడు ఇచ్చెను. ఆ ఋణము మేము మరువము. కాని సీసాపై తెలుగున నాలుగు మాటలు ఉండి, అవ్వ వానిని కూడబలుకుకొని చదివినచో, ఆసుపత్రి మెట్టు ఎక్కవలసిన పనియే లేకపోవును. తమిళము ఆమెను బ్రతికించినది. తెలుగు ఆమెను పడనీయకుండెడిది. రెండును అక్కరయే. డెబ్బదియేండ్ల అవ్వను ఇప్పుడు బడికి పంపలేము గదా.

ఇతరులను కోరినంత మాత్రమున మన బాధ్యత తీరదు. మన ఇంటి దీపము క్రింది చీకటి కూడ చూచుకొందము. ఆ మనుమడు తమిళము గడగడ చదివినవాడు, తెలుగున తన పేరైనను వ్రాయలేడు. 2006లో చేయబడిన చట్టముచే తమిళము ఒకటవ తరగతినుండి క్రమక్రమముగా అన్ని బడులలో నిర్బంధమైనది. మన బడులు తగ్గినవి, మన పిల్లల నోట తెలుగు నిలిచినది గాని కంటికి అక్షరము దూరమైనది. కొన్నియేండ్లకు మనము పోరాడి తెలుగు బోర్డు పెట్టించినను, దానిని చదువువాడు ఉండని దినము రావచ్చును. ఆ దినమున బోర్డు పెట్టినవాడు నవ్వును, మనము తలవంచుకొందుము. చట్టము బడిని గూర్చి చెప్పినది. రాత్రి అన్నము తిన్న తరువాత ఇంటి అరుగుమీద అక్షరములు దిద్దించుటను ఏ చట్టమును అడ్డగించలేదు.

అందుచే ప్రతి కుటుంబమును మేము రెండు పనులు కోరుచున్నాము. ఇంటిలోని పిల్లలకు పెద్దలు తెలుగక్షరములు నేర్పవలెను. పిల్లలు పెద్దలకు తమిళమున కనీసము పది మాటలను, విషము, అపాయము, విద్యుత్తు, లోతు, నిప్పు వంటివానిని, చూచి గుర్తించునట్లు నేర్పవలెను. దినమునకొక మాటయైనను పది దినముల పని. ఒకరికొకరు గురువులగుదురు. ఖర్చు ఒక్క పలకయు, కొంత బలపమును.

మావంతు పని మేము మొదలుపెట్టితిమి. నాలుగు రంగుల గుర్తును, వాని అర్థమును పెద్ద అక్షరములతో తెలుగున, తమిళమున, కన్నడమున వ్రాయించి అంగడి ముంగిట కట్టించితిమి. మందు కొన్న ప్రతివానికి రంగు చూపి, చేయవలసినదియు చేయరానిదియు చెప్పి, తిరిగి వానినోట చెప్పించుకొని గాని సంచి చేతికి ఇచ్చుట లేదు. బేరము కొంత ఆలస్యమగుచున్నది. తొందరవారు కొందరు విసుగుకొని ప్రక్క అంగడికి పోయిరి. పోనిండు. ఆ లెక్క మేము నష్టపు పద్దులో వ్రాయలేదు. వర్తకులైన మన సోదరులు తమ తమ అంగళ్లలో, గ్యాసు అమ్ముచోట, విద్యుత్సామగ్రి అమ్ముచోట, మందులు అమ్ముచోట, ఇట్టి పలకలు కట్టించుకొనదలచినచో అక్షరములు వ్రాసి యిచ్చుటకు సంఘపు కార్యాలయము సిద్ధముగా నున్నది.

గత మంగళవారము ఆ అవ్వ మరల వచ్చెను. కఱ్ఱ ఆనించి, ముంగిటి పలకను వ్రేలితో చూపుచు తెలుగు పంక్తిని ఒక్కొక్క అక్షరముగా కూడబలుకుకొని చదివెను. మేము సీసా తీసి బల్లపై పెట్టగానే, "ఇది ఏ రంగుదబ్బా?" అని మమ్ము ముందుగా అడిగెను. నీలమని చెప్పితిమి. "అయితే తొడుగులు కూడ ఇయ్యి నాయనా" అనెను. తొడుగులు ఇచ్చితిమి. వానికి వెల పుచ్చుకొనుటకు మాకు చేయి రాలేదు.